ఎనభై ఆరో గమనిక

పోయిన నెల ఒక పొద్దున ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"సార్, నేను నాచారం డీటీపీ అక్క ఇంటాయనను మాట్లాడుతున్న. ఆమె ఇయ్యాల తెల్లారంగ పోయింది సార్. నెల దినాల సంది కామెర్లు. ఆమె ఫోన్‌ల మీ నంబరు 'థీసిస్ సార్' అని ఉన్నది. జెప్పాలె గదా అని చేసిన."

"అయ్యో, వస్తున్నానండీ" అన్నాను. వెళ్ళాను కూడా. ఆటో దిగి ఆమె గల్లీకి ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా వెళ్ళాను. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరానికి కట్టిన గులాబీ తోరణాలు ఇంకా అక్కడ వేలాడుతున్నాయి. వాటి కింద జనం నిలబడి ఉన్నారు. ఆమె దుకాణం షటర్ దించి ఉంది. అంబర్‌పేట శ్మశానానికి తీసుకెళ్ళే బండి వచ్చింది, కదిలింది. నేను రోడ్డు దాటలేదు. చల్లారిన టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి, బండి మలుపు తిరిగాక కాలేజీకి వెళ్ళిపోయాను. రెండో పీరియడ్ పాఠం కూడా చెప్పాను.

ఎందుకు దాటలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం ముందు చెప్పడం మర్యాద. ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. ఆ పేరు రాయాల్సిన చోటు వేరే ఒకటుంది. అక్కడ రాయని మనిషికి ఇక్కడ పెద్ద అక్షరాలతో రాసే హక్కు లేదు.

నాచారంలో అందరికీ ఆమె డీటీపీ అక్క. పెళ్ళి పత్రికలు, బస్తీ సంఘాల కరపత్రాలు, మా కాలేజీ ప్రశ్నపత్రాలు, సంచికలు, అన్నీ ఆమె దగ్గరే. నేను హిస్టరీ లెక్చరర్ని. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డాను. నలభై దాటాక పీహెచ్‌డీ పురుగు కుట్టింది. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసిన కార్మికుల బస్తీల చరిత్ర నా అంశం. నాలుగు అధ్యాయాలు సొంతంగా టైపు చేసుకుని, మిగిలినవి చేతిరాతలో పట్టుకుని మొదటిసారి ఆమె దుకాణం మెట్లెక్కాను. చేతిలో ఫ్లాపీ, మొహం మీద రచయితననే గర్వం.

ఆమె ఫైలు తెరిచి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది. "ఇన్ని అంకెలు మీరు చేత్తోనే కొట్టిండ్రా సార్?"

"మరెలా కొడతారండీ? కాలితోనా?" అన్నాను. నేను కాస్త దురుసు మనిషిని. మా ఇంట్లోవాళ్ళు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతారు.

ఆమె నవ్వింది. "ఒక్క నోటు నడుమ పెట్టుండ్రి సూద్దాం. ఎన్కనున్నయన్నీ దిద్దుకోవాలె. ముసలోళ్ళయితరు సార్."

విషయం ఏమిటంటే, వాక్యం చివర పైకి చిన్న అంకె వేసి, దానికి ఆధారం ఏ పుస్తకమో, ఎవరు చెప్పారో థీసిస్ చివర అదే అంకె కింద రాయాలి. వీటినే గమనికలు అంటాం. నేను ఆ అంకెలన్నీ మామూలు అంకెల్లా టైపు చేసి, పరిమాణం తగ్గించి, పైకి జరిపాను. అలా నూట ముప్పై దాకా ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే చెరిపి, కంప్యూటర్ తనంతట తాను లెక్కపెట్టుకునే పద్ధతిలో మళ్ళీ పెట్టింది. మొదట తెర మీద అంకెలకు బదులు చిన్న ఇంగ్లిషు అక్షరాలు, ఐ, ఐఐ, ఐఐఐ అంటూ వచ్చాయి. "ఈ చీమలేంటండీ బాబూ!" అని గుండె బాదుకున్నాను. ఆమె ఏదో ఒక పెట్టె తెరిచి ఒక్క నొక్కు నొక్కింది. అవి ఒకటి, రెండు, మూడు అయిపోయాయి. గమనికల పైన ఒక అడ్డగీత ఉండేది. దాన్ని చెరపడానికి నేను ఇంట్లో ఒక మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాను. ఆమె పేజీని చూసే తీరు మార్చి, ఆ గీతను ఇట్టే తీసేసింది.

ఒక్కటి మాత్రం ఆమెకు కూడా లొంగలేదు. నా గమనికల్లో 'వివరాలకు 98వ గమనిక చూడండి' అని ఒకదాన్నుంచి మరోదానికి దారి చూపే మాటలు చాలా ఉన్నాయి. వాటిని కూడా కంప్యూటర్‌కే అప్పగించే సదుపాయం ఉంది. కాని అప్పటి మన తెలుగు ఫాంటులో అలా పెడితే అంకెల బదులు అక్షరం ముక్కలు వచ్చేవి. ఆమె మూడు రోజులు ప్రయత్నించి, చివరికి అవన్నీ చేత్తో కొట్టింది. కొట్టి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"సార్, ఈ 'చూడండి'లు నేను చేత్తోని కొట్టిన. మెషిన్‌కు వీటి సంగతి తెల్వది. మీరు ఒక్క నోటు తీసినా, పెట్టినా నాకు జెప్పుండ్రి. నాకు జెప్పకుంట ముట్టుకోకుండ్రి."

"సరే సరే" అన్నాను. ఆ మాట ఆమె నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. పదిసార్లూ సరే సరే అన్నాను.

ఆమె పనితీరు లాంటిది ఎక్కడా చూడలేదు నేను. పాడైపోయిన జిరాక్సు కాగితాలను చీటీలుగా చింపి, ఒక్కో చీటీ మీద ఒక్కో గమనికను నా చేతే రాయించేది. మూలన పెన్సిల్‌తో అంకె వేసేది. అన్నిటినీ వరుసలో పెట్టి సూదీ దారంతో కుట్టేసేది. పిన్ను కొట్టొచ్చు కదా అంటే, "పిన్ను ఊడుతది, చీటీ పోతది. దారం సంగతి నాకు ఎర్క సార్" అనేది. ఆమెకు ఎరుకే. పెళ్ళయిన కొత్తలో ఇక్కడి దారం మిల్లులో పనిచేసింది. మిల్లు మూతపడ్డాక మల్కాజిగిరిలో టైపు నేర్చుకుని, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకుంది. పదో తరగతి దాకా చదువు. పనంతా అయ్యాక ఆమె తెర మీది అంకెను పైకి చదివేది, నేను చీటీ తిప్పి సరిచూసి "వచ్చింది" అనాలి. "ఇరవై ఒకటి." "వచ్చింది." "ఇరవై రెండు." "వచ్చింది." కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటుంటే కూడా ఆపేది కాదు. నాకు విసుగొచ్చి రెండు చీటీలు ఒకేసారి తిప్పితే, "సార్, పిల్లలు గిట్ల జేస్తె మీరు ఊకుంటరా?" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

అలా చదువుతుండగానే మూడో అధ్యాయం దగ్గర ఆగింది. ఆ దారం మిల్లులో ఆడవాళ్ళు చేసిన సమ్మె గురించి నేను రాసిన పేరా అది. పాత పత్రికలు తిరగేసి, కూలి పెంచమని చేసిన సమ్మె అని రాశాను.

"ఇది తప్పు సార్" అంది.

"పేపర్లలో ఉందండీ."

"పేపరోళ్ళు గేటు బయట ఉన్నరు. నేను లోపట ఉన్న. కూలి మాట ఆఖరుకొచ్చింది. మేం కూసున్నది పాలిచ్చే జాగ కోసం. పిల్లలను గేటు కాడ ముసలోళ్ళు పట్టుకోని నిలబడుతుండిరి. పాలు చేపుకొచ్చి జాకిట్లు తడుస్తుంటె మిషన్ల కాడ నిలబడి పని జేసినం. ఒక్క అర్ర ఇయ్యమన్నం. నా పెద్దోడు అప్పుడు మూడు నెలలు."

కుర్చీలోంచి లేవలేదు నేను. ఆ సాయంత్రం ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. తర్వాత ఆమె చెప్పిన మరో ఇద్దరు ఆడవాళ్ళను కలిశాను, వాళ్ళూ అదే చెప్పారు. నా థీసిస్‌లో పనికొచ్చే పేజీలేవైనా ఉంటే ఆ ఏడు పేజీలే. వాటి మొదటి వాక్యం చివర గమనిక పెట్టి, చీటీ మీద నా చేత్తో రాశాను. ఈ సంగతి మొదట చెప్పినవారు ఫలానా, అప్పటి మిల్లు కార్మికురాలు, నాచారం అని. అది ఎనభై ఆరోది.

ఆమె తన పేరు తానే టైపు చేసుకుంది. చేసి, తెర వంకే చూస్తూ అడిగింది. "నా పేరు గూడ పుస్తకంల వస్తదా సార్?"

"వస్తుందండీ. రాకుండా ఎలా ఉంటుంది?"

"గీ ఒక్క పేజీ ఇంకోటి కొట్టుకుంట. మా ఇంటాయనకు సూపిస్త" అని ఒక కాపీ తీసుకుని, మడత పడకుండా అట్ట మధ్యలో పెట్టుకుంది.

ఇక్కడి నుంచి రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

థీసిస్ సమర్పించే ముందు మా గైడు గారికి చూపించాను. ఆయన గమనికలు తిప్పుతూ ఎనభై ఆరు దగ్గర ఆగి, "ఈవిడెవరు?" అన్నారు. "మా డీటీపీ ఆవిడండీ" అన్నాను. ఆయన "ఓహో" అని చిన్నగా నవ్వారు. అంతే. తీసెయ్యమనలేదు, ఉంచమనలేదు. ఆ నవ్వు పట్టుకుని ఇంటికొచ్చాను. టైపు కొట్టే ఆవిడ మాట మీద ఒక అధ్యాయం నిలబెట్టాడని పరీక్షకులు కూడా అలాగే నవ్వుతారనిపించింది. ఇంట్లో కంప్యూటర్ మీద ఆ గమనికను నేనే తీసేశాను. 'ఆమె చెప్పినట్టు' అన్నచోట 'నా క్షేత్ర పరిశీలనలో తేలింది' అని రాశాను. తీసేయగానే కిందివన్నీ ఒక్కో అంకె పైకి జరిగాయి. భలే, ఎంత శుభ్రంగా పోయిందో అనుకున్నాను. చేత్తో కొట్టినవాటిలో ఎనభై ఆరు దాటిన అంకెలు నలభై మూడున్నాయని, అవి కదలవని నాకు గుర్తే రాలేదు. పదిసార్లు సరే సరే అన్నవాణ్ణి కదా.

వైవా రోజున విభాగంవాళ్ళు ఇంకో రెండు కాపీలు కావాలన్నారు. నేనే ఆమెకు ఫోన్ చేసి, బైండు చేసినవి యూనివర్సిటీకి తెచ్చిపెట్టమన్నాను. నేను ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, నెమ్మదస్తుడు. దారం మిల్లు సమ్మె గురించి తెగ మెచ్చుకున్నారు. "ఇది మీరు కనిపెట్టిన సంగతి" అన్నారు. నేను తల వంచి ఆ మెప్పు పుచ్చుకున్నాను. ఆ తర్వాత ఆయన, "కాని మీ 112వ గమనికలో 'వివరాలకు 98 చూడండి' అని ఉంది. 98లో చూస్తే మల్లాపూర్ కుళాయి తగాదా ఉంది. ఇంకో నాలుగు చూశాను. ఒక్కటీ కుదరలేదు. ఏమిటండీ ఇది?" అన్నారు.

ఆ క్షణంలోనే తెలిసిపోయింది ఎక్కడ తప్పిందో. తెలిసి కూడా అన్నాను.

"అది డీటీపీ తప్పండీ. చదువు లేని ఆవిడ. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వి తల తిప్పాను. చివరి వరసలో ఆమె కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, ఒళ్ళో వార్తాపత్రికలో చుట్టిన రెండు కాపీలు. మా కళ్ళు కలిశాయి. ఆమె లేచి, ఆ కాపీలు పక్కనున్న బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయింది.

ఆ గదిలో మా కాలేజీ విభాగాధిపతి కూడా ఉన్నాడు. మరుసటి వారం నుంచి ప్రశ్నపత్రాల పని వేరే దుకాణానికి పోయింది. తప్పు నాదని ఒక్క మాట అంటే ఆగేది. అనలేదు. ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. స్టాఫ్‌రూమ్‌లో మా వైపువాడే ఒకడు, "కావాలనే చేసుంటుంది. వాళ్ళకు మనమంటే పడదుగా" అన్నాడు. బంద్ ఉందంటే ముందు రోజే ఫోన్ చేసి, "రేపు బయటికి రాకుండ్రి సార్, ఆటోలు ఉండయి" అని నాకు చెప్పే మనిషి గురించి ఆ మాట. దానికి నేను తల ఊపాను. సిగ్గులేని తల.

నెలలోపు దిద్ది ఇమ్మన్నారు థీసిస్‌ని. ఆమె మొహం చూడలేక ఉప్పల్‌లో ఇంకో దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడతను మొత్తం ఒకేసారి ఎంచి ఫాంటు మార్చాడు. అంకెలన్నీ తెలుగు అక్షరం ముక్కలైపోయాయి. వట్రసుడులూ కొమ్ములూ పేజీల నిండా. ఇక దారి లేక నాచారం వెళ్ళాను. మెట్ల మీద చెప్పులు విడిచాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆమె తిట్టలేదు. "రాండ్రి సార్, కూసోండ్రి" అంది. మంచినీళ్ళిచ్చింది. తన దగ్గరున్న పాత ఫైలు ఒక పక్క, నేను సమర్పించిన ప్రతి ఒక పక్క పెట్టుకుని, వేలు పెట్టి దిగుతూ వచ్చింది. ఒకచోట వేలు ఆగింది. ఆమెకు తెలిసిపోయింది. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఒక్కటే పోయింది సార్" అంది చివరికి. "దాన్ని మళ్ళ పెట్టమంటరా? లేకుంటె చేత్తోని కొట్టినయన్నీ ఒక్కొక్కటి తగ్గించమంటరా? రెండిట్ల ఏది జేసినా సక్కగైతది."

గొంతులో ఏ కోపమూ లేదు. పెళ్ళి పత్రిక మీద ఏ రంగు కావాలో అడిగినట్టే అడిగింది. అప్పుడు 'మళ్ళీ పెట్టండి' అని రెండు మాటలు అంటే చాలు. నోటి దాకా వచ్చాయి కూడా. ఆ సమ్మె నేను కనిపెట్టిందని అందరిముందూ మెచ్చుకున్న పెద్దాయన గుర్తొచ్చాడు.

"తగ్గించండి" అన్నాను.

"సరే సార్" అంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ నలభై మూడింటినీ ఒక్కొక్కటిగా తగ్గించింది. చీటీల అంకెలు కూడా చెరిపి కొత్తవి వేసింది. పనయ్యాక ఎప్పటిలాగే సరిచూడటానికి కూర్చున్నాం. "ఎనభై ఐదు" అంది. "వచ్చింది" అన్నాను. అప్పుడు తనే చెయ్యి చాపి ఒక చీటీ తిప్పేసి, "ఎనభై ఆరు" అంది. "వచ్చింది" అన్నాను.

తర్వాత డాక్టరేటు వచ్చింది, పుస్తకం వచ్చింది. ముందుమాటలో నలభై మందికి కృతజ్ఞతలు చెప్పాను. లైబ్రరీలో బీరువా తాళాలు తీసినాయన పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. నాచారం మీదుగా బస్సులో వెళ్ళేటప్పుడు రెండో వైపు కిటికీలోంచి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆమె పోయిన పదకొండో రోజున ధైర్యం తెచ్చుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త, మిల్లులో ఫిట్టరుగా చేసినాయన, నన్ను చూసి చేతులు పట్టుకున్నాడు. కూర్చోబెట్టి గోడ వైపు చూపించాడు. ఆమె ఫొటోకు దండ. దాని పక్కనే అద్దం బిగించిన ఒక కాగితం. దగ్గరికి వెళ్ళకుండానే గుర్తుపట్టాను.

"ఎనభై ఆరో నంబర్ సార్" అన్నాడు. "అందరికీ సూపిస్తుండె. మన పేరు సార్ బుక్కుల ఉన్నదని. బుక్కు తెమ్మంటె మాత్రం, గిప్పుడు గాదు, గిప్పుడు గాదు అని దాటేసుకుంట వచ్చింది. ఒక్క కాపీ ఇయ్యుండ్రి సార్, మనవళ్ళకు సూపిస్త."

ఆమె చెప్పలేదు. ఇన్నేళ్ళూ కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. నా పరువును ఆ ఇంట్లో ఆమె కాపాడుతూ వచ్చింది.

నేను చెప్పాను. వంకర లేకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే అడిగాడు.

"ఆమెకు ఎర్కనా?"

"తెలుసండీ. ఆమే తగ్గించింది."

ఆయన క్షమించానని అనలేదు, అనాలని నేనూ ఆశించలేదు. లేచి ఆ అద్దాన్ని మేకు నుంచి తీశాడు. పారేస్తాడేమో అనుకున్నాను. తుండుగుడ్డతో దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే తగిలించాడు. "ఉండనీ సార్. ఇది ఆమె చేత్తోని కొట్టింది" అన్నాడు. లోపలికి వెళ్ళి, దారంతో కుట్టిన చీటీల కట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇది మీదే గదా. పారెయ్యద్దు, సార్‌కు ఎప్పటికన్న పనికొస్తది అంటుండె."

ఇంటికొచ్చి తిప్పి చూశాను. ఎనభై ఐదు. తర్వాత నా చేతిరాతలో ఆమె పేరున్న చీటీ. దాని మూలన అంకె చెరిపేసి ఉంది, చీటీ మాత్రం కుట్టులోనే ఉంది. దాని తర్వాత ఎనభై ఆరు.

నిన్న థీసిస్ ఫైలు తెరిచాను. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తారో లేదో తెలియదు, ప్రచురణకర్తకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. 'నా క్షేత్ర పరిశీలనలో తేలింది' అన్న మాటలు కొట్టేసి, ఆ వాక్యం చివర గమనిక పెట్టి, ఆమె పేరు టైపు చేశాను. కిందున్న గమనికలన్నీ, సిటీ బస్సు సీట్లో ఆడవాళ్ళు జరిగినట్టు, ఒక్కో అంకె జరిగి ఆమెకు జాగా ఇచ్చాయి. రెప్పపాటు పట్టలేదు.

చేత్తో కొట్టిన నలభై మూడూ మాత్రం కదల్లేదు. పెన్సిల్ చెక్కుకుని, చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంకె పైకి చదివేవాళ్ళు లేరు. నేనే చదివి, నేనే తిప్పుతున్నాను.

"ఎనభై ఆరు."

"వచ్చింది."